శాటిస్‌ఫాక్టరీ 1.0: పాత సేవ్ పక్కన పెట్టి బొగ్గు కరెంటు దాకా వెళ్ళడం ఎలా

శాటిస్‌ఫాక్టరీ అంటే పరాయి గ్రహం మీద ఖనిజం తవ్వి, మెషీన్లనూ బెల్టులనూ కలిపి ఫ్యాక్టరీ కట్టే కంప్యూటర్ ఆట. పూర్తికాకముందే అమ్మిన ఎర్లీ యాక్సెస్ రోజుల్లో దాన్ని ఆడి వదిలేసినవాళ్ళ దగ్గర ఓ పాత సేవ్ (ఆట ఎక్కడ ఆపామో దాచిన ఫైల్) పడి ఉంటుంది. తెరిచి చూస్తే బెల్టులన్నీ జంతికల గొట్టంలోంచి వదిలినట్టు ఒకదాని మీద ఒకటి. ఎక్కడో ఒక మెషీన్ మీద ఎర్ర లైటు. దాన్ని అక్కడ ఎందుకు పెట్టామో మనకే గుర్తుండదు.

స్వీడన్‌కు చెందిన కాఫీ స్టెయిన్ స్టూడియోస్ ఈ ఆటను 2019 మార్చిలో ఎపిక్ స్టోర్‌లో, 2020 జూన్‌లో స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌గా పెట్టింది. అయిదేళ్ళకు పైగా అప్‌డేట్ మీద అప్‌డేట్ ఇచ్చుకుంటూ వచ్చి, 2024 సెప్టెంబర్ 10న 1.0 విడుదల చేసింది. దాంతో కథ వచ్చింది, టియర్ 9 (కొత్త మెషీన్లు తెరుచుకునే మెట్లలో తొమ్మిదోది) వచ్చింది, మనం చేసిన సరుకును పైకి పంపే స్పేస్ ఎలివేటర్‌కు అయిదో ఫేజ్ వచ్చింది. అన్నేళ్ళూ సంచిలో బరువుగా తప్ప ఎందుకూ పనికిరాని, మ్యాప్‌లో దొరికే వింత వస్తువులైన మెర్సర్ స్ఫియర్లకూ సోమర్‌స్లూప్‌లకూ ఎట్టకేలకు ఓ పని దొరికింది. ఇవన్నీ చూద్దామని తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది కరెంటు కోసం కాల్చడానికి ఆకులు ఏరుకునే దశలోనే విసిగిపోయి మళ్ళీ మూసేస్తున్నారు. ఆ విసుగు దాటించి, మిమ్మల్ని బొగ్గు కరెంటు దగ్గర దింపడానికే ఇది రాస్తున్నాను. అక్కడికి చేరినవాళ్ళను ఆపడం కష్టం. అది వేరే సమస్య.

ముందు పాత సేవ్‌ను భద్రం చేయండి

విండోస్‌లో లోకల్ యాప్‌డేటా ఫోల్డర్ తెరవండి. అందులో ఫ్యాక్టరీగేమ్, దానిలో సేవ్డ్, దానిలో సేవ్‌గేమ్స్. ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి ఇంకో డ్రైవ్‌లో పెట్టుకోండి. పాత సేవ్ కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటుంది కానీ, ఒకసారి కొత్తదాంట్లో సేవ్ చేశాక అది పాత వెర్షన్‌కు పనికిరాదు. క్లౌడ్‌లో ఉందిగా అనే ధీమా వద్దు. మీరు చెడగొట్టిన ఫైల్‌ను క్లౌడ్ అంతే నమ్మకంగా దాచిపెడుతుంది.

మాడ్స్ (ఆటకు బయటివాళ్ళు చేసిన మార్పులు) వేసుకుని ఉంటే ముందు అన్నీ తీసేయండి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఆట తెరుచుకోకపోతే మొదట అనుమానించాల్సింది వాటినే. అప్‌డేట్ 8 నుంచి ఆట అన్‌రియల్ ఇంజిన్ 5 మీద నడుస్తోంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ కాస్త ఆయాసపడొచ్చు. సెట్టింగ్స్‌లో లూమెన్ (బరువైన వెలుగునీడల ఎఫెక్ట్) ఆఫ్‌లో ఉందో లేదో చూసి, అప్‌స్కేలింగ్ (బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేయడం) ఆన్ చేసుకోండి. సాలీళ్ళంటే భయమా? అరాక్నోఫోబియా మోడ్ పెట్టుకుంటే సాలీడు బదులు పిల్లి బొమ్మ మీ మీదకు దూకుతుంది. నాకైతే పిల్లే ఎక్కువ భయంగా అనిపించింది.

పాత సేవ్‌లో కొనసాగాలా, కొత్తది మొదలుపెట్టాలా?

కొత్తదే. 1.0లో కొన్ని రెసిపీలు మారాయి, కొన్ని గనుల చోట్లూ మారాయి. తయారుచేసినవాళ్ళే కొత్తగా మొదలుపెట్టమని సలహా ఇచ్చారు, బలవంతమేమీ లేదన్నారు. పాత సేవ్ తెరిచి, ఆగిపోయిన లైన్లు ఎందుకు ఆగాయో వెతుక్కుంటూ రెండు సాయంత్రాలు పోగొట్టుకునే బదులు, ఆ సమయంలో కొత్త ఫ్యాక్టరీ బొగ్గు దాకా వచ్చేస్తుంది. నేను రెండు సాయంత్రాలూ పోగొట్టుకున్నాకే ఈ మాట చెబుతున్నాను.

కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు నాలుగు చోట్లలో ఒకటి ఎంచుకోమంటుంది: గ్రాస్ ఫీల్డ్స్, రాకీ డెజర్ట్, నార్తర్న్ ఫారెస్ట్, డ్యూన్ డెజర్ట్. మొదటిసారి ఆడేవాళ్ళకు గ్రాస్ ఫీల్డ్స్ హాయిగా ఉంటుంది. తిరిగొచ్చినవాళ్ళకు నా ఓటు నార్తర్న్ ఫారెస్ట్‌కే. నేల ఎగుడుదిగుడుగా ఉండి ఫౌండేషన్లు (మెషీన్ల కింద పరిచే నేల పలకలు) వేయడానికి చిరాకు పెడుతుంది కానీ, మంచి గనులు దగ్గర్లోనే ఉంటాయి. ఆకులకూ కట్టెలకూ కరువుండదు. ఆ ఆకుల విలువ ఇంకాసేపట్లో తెలుస్తుంది.

మొదటి ఇనుము లైన్‌ను లెక్క ప్రకారం కట్టండి

మొదటి గంటలో అందరం చేసే తప్పు ఒకటే: మెషీన్ దొరికింది కదా అని దొరికిన చోట పెట్టేయడం. నిమిషానికి ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని కాగితం మీద ఒక్కసారి రాసుకుంటే పాత జంతికల ఫ్యాక్టరీ మళ్ళీ పుట్టదు.

మామూలు ఇనుప గని మీద మార్క్ 1 మైనర్ పెడితే నిమిషానికి 60 ఖనిజం వస్తుంది. నాసిరకం గనిలో 30, స్వచ్ఛమైన గనిలో 120. మార్క్ 1 బెల్టు మోసేది కూడా నిమిషానికి 60 మాత్రమే. ఒక స్మెల్టర్ నిమిషానికి 30 కరిగిస్తుంది కాబట్టి ఒక మామూలు గనికి రెండు స్మెల్టర్లు, 60 ఇంగాట్లు (ఇనుప దిమ్మలు).

ఈ 60తో ఏం చేయాలి? ఆట మొదట్లో అందరి ప్రాణం తీసేది రీన్‌ఫోర్స్‌డ్ ఐరన్ ప్లేట్. అసెంబ్లర్ (రెండు రకాల భాగాలు కలిపే మెషీన్) నిమిషానికి అయిదు చేయాలంటే 30 ప్లేట్లు, 60 స్క్రూలు కావాలి. కన్‌స్ట్రక్టర్ అంటే ఒక సరుకును ఇంకో సరుకుగా మార్చే మెషీన్. ప్లేట్ కన్‌స్ట్రక్టర్ 30 ఇంగాట్లు తిని 20 ప్లేట్లు ఇస్తుంది, అంటే 30 ప్లేట్లకు 45 ఇంగాట్లు. స్క్రూ కన్‌స్ట్రక్టర్ 10 రాడ్లతో 40 స్క్రూలు చేస్తుంది, అంటే 60 స్క్రూలకు 15 రాడ్లు, 15 రాడ్లకు 15 ఇంగాట్లు. నలభై అయిదూ పదిహేనూ అరవై. ఒక మామూలు గని, ఒక అసెంబ్లర్, ఒక్క ఇంగాటు కూడా మిగలదు, తగ్గదు. ఈ ఆటను తయారుచేసినవాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది ఈ లెక్క దగ్గరే.

మెషీన్లు ఇవి: రెండు స్మెల్టర్లు, రెండు ప్లేట్ కన్‌స్ట్రక్టర్లు, ఒక రాడ్ కన్‌స్ట్రక్టర్, రెండు స్క్రూ కన్‌స్ట్రక్టర్లు, ఒక అసెంబ్లర్. ఇంగాట్ల బెల్టు మీద వరుసగా స్ప్లిటర్లు పెట్టి, ఒక్కో స్ప్లిటర్ నుంచి ఒక్కో మెషీన్‌కు కొమ్మ తీయండి. మొదట్లో ముందున్న మెషీన్లు నిండుతాయి, చివరివి ఖాళీగా కనిపిస్తాయి. కంగారుపడి బెల్టులు పీకకండి. ముందువి నిండాక సరుకు దానంతటదే వెనక్కి చేరుతుంది.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. మైనర్ 5 మెగావాట్లు, స్మెల్టర్ 4, కన్‌స్ట్రక్టర్ 4, అసెంబ్లర్ 15. మొత్తం కలిపితే 48. ఒక్కో బయోమాస్ బర్నర్ ఇచ్చేది 30 కాబట్టి రెండు బర్నర్లు చాలు. ఒక్క మెగావాట్ దాటినా ఫ్యూజ్ పడిపోయి ఫ్యాక్టరీ మొత్తం చీకటైపోతుంది. ఫ్యూజ్‌ను మీరే వెళ్ళి మళ్ళీ వేయాలి.

ఇక ఆకుల సంగతి

బర్నర్‌లో ఆకులు నేరుగా వేయడం కంటే దండగ ఇంకోటి లేదు. ఒక ఆకులో ఉండే శక్తి 15 మెగాజౌళ్ళు. బర్నర్ పూర్తి లోడ్ మీద ఉంటే ఆ ఆకు అర సెకను మండుతుంది. అదే పది ఆకుల్ని కన్‌స్ట్రక్టర్‌లో వేస్తే అయిదు బయోమాస్ వస్తుంది. ఒక్కో బయోమాస్‌లో 180 మెగాజౌళ్ళు. 150 వేసి 900 తీసుకున్నట్టు. కట్టెలైతే ఇంకా లాభం, నాలుగు కట్టెలకు ఇరవై బయోమాస్.

టియర్ 2లో చైన్‌సా ఇచ్చే మైల్‌స్టోన్‌తో (సరుకు ఇచ్చి తెరుచుకునే మెట్టుతో) పాటే, బయోమాస్‌తో చేసే సాలిడ్ బయోఫ్యూయల్ కూడా వస్తుంది. మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని తీసుకోండి. ఒక్కోదానిలో 450 మెగాజౌళ్ళు, బర్నర్‌లో పదిహేను సెకన్లు. రెండు వందల కట్ట ఒకటి వేస్తే పూర్తి లోడ్ మీద యాభై నిమిషాలు. లోడ్ తక్కువుంటే ఇంకా ఎక్కువ వస్తుంది, బయోమాస్ బర్నర్ అడిగినంతే కాలుస్తుంది కాబట్టి.

పాత ఆటగాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. ఇప్పుడు హబ్‌కు (మొదటి స్థావరానికి) బయట పెట్టే బర్నర్లకు బెల్టు తగిలించుకోవచ్చు. ఒక పెట్టెలో ఆకులూ కట్టెలూ పోస్తే కన్‌స్ట్రక్టర్ల గుండా బయోఫ్యూయల్‌గా మారి బర్నర్లలోకి తానే వెళ్ళిపోయే ఏర్పాటు పావుగంటలో అయిపోతుంది. అరగంట చైన్‌సాతో అడవిలో తిరిగొస్తే మళ్ళీ బొగ్గు వచ్చేదాకా ఆకుల ఊసెత్తనక్కర్లేదు.

మధ్యలో ఖాళీ దొరికితే కూలిపోయిన పాడ్‌ల దగ్గర హార్డ్ డ్రైవ్‌లు తెచ్చి మామ్ అనే పరిశోధన మెషీన్‌లో పెట్టండి. పది నిమిషాలకు ప్రత్యామ్నాయ రెసిపీలు చూపిస్తుంది, ఒకటి ఎంచుకోవాలి. కాస్ట్ స్క్రూ కనిపిస్తే వదలకండి. ఇంగాట్ల నుంచి నేరుగా స్క్రూలు చేస్తుంది. ఇనుమేమీ మిగలదు కానీ రాడ్ల మెషీన్, దాని బెల్టులు మిగులుతాయి.

స్పేస్ ఎలివేటర్‌కు యాభై స్మార్ట్ ప్లేటింగ్

బొగ్గు టియర్ 3లో ఉంది. టియర్ 3 తెరుచుకోవాలంటే ఎలివేటర్ మొదటి ఫేజ్ నింపాలి, అంటే 50 స్మార్ట్ ప్లేటింగ్. ఒక రీన్‌ఫోర్స్‌డ్ ప్లేట్, ఒక రోటర్ కలిస్తే ఒకటి. అసెంబ్లర్ నిమిషానికి రెండు చేస్తుంది, పాతిక నిమిషాల్లో పని అయిపోతుంది. రోటర్ల కోసం ఇంకో మామూలు గని పట్టుకోండి. నిమిషానికి నాలుగు రోటర్లకు 20 రాడ్లు, 100 స్క్రూలు, అన్నీ కలిపి 45 ఇంగాట్లు. గని 60 ఇస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. దీనికి అందమైన కట్టడమేమీ అక్కర్లేదు, తర్వాత పీకేసేదే.

బొగ్గు దగ్గర తొందరపడకండి

చాలా ఫ్యాక్టరీలు చచ్చిపోయేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

బొగ్గు జనరేటర్ ఒకటి 75 మెగావాట్లు ఇస్తుంది. నిమిషానికి 15 బొగ్గు, 45 ఘనపు మీటర్ల నీళ్ళు కావాలి. నీళ్ళు తోడే వాటర్ ఎక్స్‌ట్రాక్టర్ నిమిషానికి 120 ఘనపు మీటర్లు ఇస్తుంది, 20 మెగావాట్లు తింటుంది. దీన్నిబట్టి మూడు ఎక్స్‌ట్రాక్టర్లకు ఎనిమిది జనరేటర్లు సరిగ్గా సరిపోతాయి, 360కి 360. బొగ్గు ఎనిమిదింటికీ కలిపి 120. స్వచ్ఛమైన గని మీద మార్క్ 1 మైనర్ ఇచ్చేది అదే 120. బెల్టు మాత్రం మార్క్ 2 ఉండాలి, మార్క్ 1 సగమే మోస్తుంది. మీకు మామూలు గనే దొరికితే నాలుగు జనరేటర్లతో సరిపెట్టుకోండి లేదా రెండు గనులు కలపండి.

చోటు ఎంచుకునేటప్పుడు నీళ్ళను బొగ్గు దగ్గరికి తీసుకెళ్ళకండి, బొగ్గునే నీళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. బెల్టు ఎంత దూరమైనా, ఎంత ఎత్తైనా ఎక్కుతుంది. నీళ్ళు ఎక్కవు. ఎక్స్‌ట్రాక్టర్ తనంతట తాను పది మీటర్లు ఎత్తగలదు. అంతకు మించితే పంపు పెట్టాలి, మార్క్ 1 పంపు ఇంకో ఇరవై మీటర్లు ఎత్తుతుంది. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ట్యాంకుకు నీళ్ళెక్కక వాచ్‌మన్‌తో గొడవపడ్డవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. జనరేటర్లను సరస్సు ఒడ్డునే, నీటిమట్టానికి దగ్గరగా పెడితే పంపుల జోలికే పోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మార్క్ 1 పైపులో నిమిషానికి 300 ఘనపు మీటర్లకు మించి పారదు. మూడు ఎక్స్‌ట్రాక్టర్లనూ ఒకే చివర కలిపి ఒకే పైపులోకి వదిలితే 360 రావాల్సిన చోట 300 వస్తుంది. చివరి ఒకటి రెండు జనరేటర్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఎక్స్‌ట్రాక్టర్లు సరిపడా ఉన్నాయి, బొగ్గు ఉంది, ఎక్కడా లీకు లేదు, అయినా కరెంటు ఊగుతుంటుంది. నేను మొదటిసారి దీనికి నాలుగో ఎక్స్‌ట్రాక్టర్ పెట్టాను, తర్వాత అయిదోది. ఏం లాభం, ఇరుకు పైపులో ఉంది గానీ నీళ్ళలో కాదు.

దీనికి తేలికైన మార్గం: ఎనిమిది జనరేటర్లను ఒక వరుసలో పెట్టి, వాటి వెంట జంక్షన్లతో ఒకే పైపు వేయండి. ఆ పైపు ఒక చివర రెండు ఎక్స్‌ట్రాక్టర్లు, రెండో చివర ఒకటి కలపండి. ఇటునుంచి 240, అటునుంచి 120. పైపులో ఏ ముక్కలోనూ 300 దాటదు. అంతే.

మొదలుపెట్టే వరుసక్రమం కూడా ముఖ్యమే. నీళ్ళు తోడాలంటే కరెంటు కావాలి, కరెంటు రావాలంటే నీళ్ళు కావాలి. కాబట్టి ముందు ఎక్స్‌ట్రాక్టర్లనూ మైనర్‌నూ బయోమాస్ బర్నర్లకు కలపండి. మూడు ఎక్స్‌ట్రాక్టర్లకు 60, మైనర్‌కు 5, మొత్తం 65 మెగావాట్లు. రెండు బర్నర్లు 60 దగ్గర ఆగిపోతాయి, మూడు ఉండాల్సిందే. ఈ అయిదు మెగావాట్ల తేడా దగ్గర తల గోక్కున్నవాళ్ళు చాలామందే ఉంటారు.

బొగ్గు బెల్టును జనరేటర్లకు ఇంకా తగిలించకండి. పైపు మొత్తం నిండి, ప్రతి జనరేటర్ లోపలి నీళ్ళ తొట్టి కూడా నిండేదాకా ఆగండి. కాఫీ పెట్టుకుని వస్తే సరిపోతుంది. ఆ తర్వాత బెల్టు తగిలించండి, బొగ్గు ఎనిమిదింటిలోకీ చేరనివ్వండి. అన్నీ తిరుగుతున్నాయని చూశాక ఫ్యాక్టరీ వైరును ఇటు కలపండి. చేతికి 600 మెగావాట్లు. సొంత ఖర్చు 65 పోగా 535. ఇంతకుముందు రెండు బర్నర్ల మీద నడిచిన బతుకు కదా, కాసేపు ఆ కరెంటు గ్రాఫ్ చూస్తూ నిలబడాలనిపిస్తుంది. నిలబడండి.

బర్నర్లను మాత్రం పీకేయకండి. ఒక రోజు మీరు ఒక్క అసెంబ్లర్ ఎక్కువ పెడతారు, ఫ్యూజ్ పడిపోతుంది. దాంతో పాటు ఎక్స్‌ట్రాక్టర్లూ ఆగుతాయి, మైనర్ ఆగుతుంది, నీళ్ళూ బొగ్గూ రెండూ ఆగిపోతాయి. అప్పుడు ఫ్యాక్టరీ వైరు తెంపి, నీళ్ళనూ మైనర్‌నూ ఆ మూడు బర్నర్లకు కలిపి మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకే వాటిలో ఒక్కో కట్ట బయోఫ్యూయల్ ఎప్పుడూ ఉంచండి. మామ్‌లో కేటీరియం అనే లోహం మీద రీసెర్చ్ చేశాక పవర్ స్విచ్‌లు వస్తాయి, వైర్లు తెంపే పని తప్పుతుంది. ప్రయారిటీ పవర్ స్విచ్ ఇంకా నయం: కరెంటు చాలనప్పుడు మీరు చెప్పిన వరుసలో ఒక్కో విభాగాన్ని తానే ఆపుతుంది. మన ఊళ్ళలో లోడ్ షెడ్డింగ్ చేసినట్టే, కాకపోతే ఎవరికి కోత పెట్టాలో ఇక్కడ మీ ఇష్టం. నీళ్ళ మోటార్లను ఆ జాబితాలో చివర పెట్టండి.

ఓవర్‌క్లాక్ గురించి ఒక్క మాట. మెషీన్ వేగం రెండున్నర రెట్లు చేస్తే కరెంటు మూడు రెట్లకు పైగా తింటుంది. వేగం సగం చేస్తే మాత్రం కరెంటు నలభై శాతానికి పడిపోతుంది. కరెంటు కటకట ఉన్నప్పుడు ఒక మెషీన్‌ను పరిగెత్తించడం కంటే రెండింటిని నడిపించడం మేలు. వేగం పెంచడానికి మెషీన్‌లో పెట్టే పవర్ షార్డ్‌లు మైనర్ల కోసం దాచుకోండి, మెషీన్లు ఎన్నయినా కట్టుకోవచ్చు గానీ గని ఇంకోటి పుట్టదు.

స్ఫియర్లు, స్లూప్‌లు

దారిలో గులాబీ రంగు మెలికల వస్తువు ఒకటీ, ఊదా రంగు గోళం ఒకటీ కనిపిస్తే వదిలి రాకండి. మెలికలది సోమర్‌స్లూప్, గోళం మెర్సర్ స్ఫియర్. మామ్‌లో ఏలియన్ టెక్నాలజీ చెట్టు వీటితోనే నడుస్తుంది.

సోమర్‌స్లూప్ కన్‌స్ట్రక్టర్‌లో పెడితే అదే సరుకుతో ఉత్పత్తి రెట్టింపవుతుంది, కరెంటు నాలుగింతలు పడుతుంది. మ్యాప్ మొత్తం మీద ఉన్నవి 106 మాత్రమే. స్క్రూల మెషీన్‌లో పెట్టి మురిసిపోకండి. ఎలివేటర్‌కు పంపే ఖరీదైన భాగాలు చేసే చివరి మెషీన్‌లో పెడితే వెనకున్న లైన్ మొత్తం సగానికి తగ్గుతుంది. పని అయ్యాక బయటికి తీసి ఇంకోచోట పెట్టుకోవచ్చు.

మెర్సర్ స్ఫియర్‌తో వచ్చే డైమెన్షనల్ డిపో నా దృష్టిలో 1.0 మొత్తానికీ పెద్ద వరం. బెల్టు చివర అప్‌లోడర్ పెడితే సరుకు ఆకాశంలోకి పోతుంది, మ్యాప్‌లో మీరు ఎక్కడున్నా దాంతో నేరుగా కట్టుకోవచ్చు. దీనికి ఎస్‌ఏఎమ్ ఖనిజం కావాలి. నాలుగు ముక్కలకు ఒక రీయానిమేటెడ్ ఎస్‌ఏఎమ్ వస్తుంది. దానికి వైరు, స్టీల్ పైపు కలిపి ఫ్లక్చువేటర్ చేయాలి. అంటే స్టీల్ వచ్చేదాకా డిపో రాదు, కాబట్టి బొగ్గు కరెంటు స్థిరపడగానే రెండో బొగ్గు గనిని స్టీల్‌కు కేటాయించండి.

మొదట్లో డిపోలో ఒక్కో వస్తువు ఒక్క కట్ట మాత్రమే పడుతుంది, ఎక్కడం కూడా మెల్లగానే ఉంటుంది. మిగతా స్ఫియర్లు మామ్‌కు ఇచ్చుకుంటూ పోతే రెండూ పెరుగుతాయి. మొదటి అప్‌లోడర్ దేనికి పెట్టాలంటే, కాంక్రీటుకు. సున్నపురాయి గని పక్కనే పెట్టేయండి. రెండోది ఐరన్ ప్లేట్లకు, మూడోది కేబుల్‌కు. ఆ తర్వాత కొండ మీద ఫౌండేషన్ వేస్తూ సగంలో కాంక్రీటు అయిపోయి కిందికి పరిగెత్తే పని ఉండదు.